ఇరవై రెండో మేళం: ఒక స్వరశ్రేణి చరిత్ర

కిందటి భాగంలో మీరు సప్తస్వరాలను గురించి, పన్నెండు స్వరస్థానాలను గురించి చదివారు. ఈ భాగంలో ఒకే ఒక్క స్వరశ్రేణిని తీసుకొని దాని స్వరాలేమిటి, వాటి మధ్య దూరాలెంత, వాటిని కలిపి మోగిస్తే ఏమవుతుంది, కాలక్రమంలో దానికి ఏయే పేర్లు వచ్చాయి అనే విషయాలు పరిశీలిద్దాం. కర్ణాటక సంగీతంలో దాని పేరు ఖరహరప్రియ. హిందుస్తానీ సంగీతంలో కాఫీ థాట్ అంటారు. పాశ్చాత్యులు డోరియన్ మోడ్ అంటారు. ఈ మూడూ ఒకటేనా అన్నది మనం తేల్చుకోవలసిన ప్రశ్న. దీనికి "అవును" అన్నా "కాదు" అన్నా సగమే సరిపోతుంది.

ఈ ప్రశ్న వికారాబాద్, తాండూరు ప్రాంతాల విద్యార్థులకు పుస్తకాల్లో మాత్రమే ఎదురయ్యేది కాదు. సికింద్రాబాద్ నుంచి వాడికి వెళ్లే రైలు మార్గం 1874లో నిజాం రాజ్యంలో ఏర్పడింది. ఆ దారిలో వికారాబాద్ దాటాక సుమారు 40 కిలోమీటర్లకు తాండూరు వస్తుంది. ఆ తర్వాత కొద్ది దూరంలోనే కర్ణాటక సరిహద్దు. 1956 నవంబరు 1న రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ జరిగే దాకా తాండూరు తాలూకా గుల్బర్గా జిల్లాలో భాగంగా ఉండేది. గుల్బర్గా, అంటే నేటి కలబురగి, హిందుస్తానీ సంగీతం వినే సీమ. తూర్పున హైదరాబాదు దాటి తెలుగు జిల్లాల్లోకి వస్తే సంగీత పాఠశాలల్లో నేర్పేది ఎక్కువగా కర్ణాటక సంగీతం. తెలుగు, కన్నడం, ఉర్దూ కలిసి వినిపించే తాండూరులో ఒకే బాణీని ఒకరు కాఫీ అని, మరొకరు ఖరహరప్రియ అని అంటే ఆశ్చర్యపడనక్కర లేదు. ఎవరిది తప్పు అనే వాదనలోకి దిగే ముందు ఆ పేర్ల వెనుక చరిత్ర తెలుసుకోవాలి.

స్వరాలు

మీకు హార్మోనియం అందుబాటులో ఉంటే దాన్ని ముందు పెట్టుకొని చదవండి. నల్లమెట్లను ముట్టకుండా, రెండు శ్రుతి అని పిలిచే తెల్లమెట్టును షడ్జమంగా పెట్టుకొని వరసగా ఎనిమిది తెల్లమెట్లు నొక్కండి. మీకు వినిపించేదే ఈ స్వరశ్రేణి. ఒకటి శ్రుతిలో కావాలంటే గాంధార నిషాదాలకు నల్లమెట్లు నొక్కవలసి వస్తుంది.

దీని స్వరాలు: షడ్జం, చతుశ్రుతి రిషభం, సాధారణ గాంధారం, శుద్ధ మధ్యమం, పంచమం, చతుశ్రుతి ధైవతం, కైశికి నిషాదం. పూర్వభాగంలో స-రి, రి-గ, గ-మ దూరాలు వరసగా రెండు మెట్లు, ఒక మెట్టు, రెండు మెట్లు. ఉత్తరభాగంలో ప-ద, ద-ని, ని-స దూరాలు కూడా అవే. మధ్యలో మ-ప రెండు మెట్లు. కింది నాలుగు స్వరాల అమరిక ఎలా ఉందో పై నాలుగు స్వరాల అమరికా అలాగే ఉంది. ఈ పొందిక వల్లే దీన్ని పాడుతున్నప్పుడు కింద పలికిన పలుకుకు పైన జవాబు దొరుకుతుంది. "సరిగరి" అన్న పలుకును "పదనిద" అని తిరిగి పాడి చూడండి.

మరొక విశేషం కూడా గమనించండి. ఇవే ఏడు స్వరాలను ఉంచి, షడ్జమాన్ని మాత్రం ఒక్కొక్క మెట్టు జరిపితే గ్రహభేదం వల్ల వేరే మేళాలు వస్తాయి. రిషభం నుంచి మొదలుపెడితే తోడి, గాంధారం నుంచి కల్యాణి, మధ్యమం నుంచి హరికాంభోజి, పంచమం నుంచి నటభైరవి, నిషాదం నుంచి శంకరాభరణం. ధైవతం నుంచి మొదలుపెడితే మాత్రం పంచమం దొరకదు కనుక మేళం ఏర్పడదు. ఈ షడ్జం జరిపే పద్ధతి పూర్వులకు ఆట కాదు, వారి సంగీతమంతా దాని మీదే నిలిచి ఉండేది. దానినే మూర్ఛన అన్నారు.

భరతుడు చెప్పిన దూరాలు

నాట్యశాస్త్రం సుమారు రెండు వేల ఏళ్ల నాటిదని పండితుల అంచనా. అందులోని 28వ అధ్యాయంలో స్వరాల మధ్య దూరాలను శ్రుతులతో కొలిచారు. ఒక స్థాయిలో 22 శ్రుతులు. షడ్జగ్రామంలో షడ్జానికి 4, రిషభానికి 3, గాంధారానికి 2, మధ్యమానికి 4, పంచమానికి 4, ధైవతానికి 3, నిషాదానికి 2. ప్రతి స్వరమూ తన శ్రుతుల్లో చివరిదాని మీద నిలుస్తుంది. కాబట్టి షడ్జం నుంచి పైకి లెక్కపెడితే దూరాలు 3, 2, 4, 4, 3, 2, 4 అవుతాయి. మూడు, నాలుగు శ్రుతులను పెద్ద అంగగానూ రెండు శ్రుతులను చిన్న అంగగానూ భావించి చూడండి. ఇంతకుముందు హార్మోనియం మీద మీరు లెక్కించిన వరసే వస్తుంది. అందుకే ఆధునిక పరిశోధకుల్లో చాలామంది షడ్జగ్రామం నేటి ఖరహరప్రియకు దగ్గరిదని నిర్ణయించారు.

ఇక్కడ విద్యార్థి జాగ్రత్త పడాలి. భరతుడు శ్రుతుల సంఖ్య చెప్పాడు గాని తీగ పొడవులు చెప్పలేదు. నాలుగు శ్రుతుల దూరాన్ని 9/8 నిష్పత్తిగా, మూడింటిని 10/9గా, రెండింటిని 16/15గా తీసుకోవడం తర్వాతి వారి వ్యాఖ్యానం. ఆ వ్యాఖ్యానం చక్కగా అతుకుతుంది. 10/9, 16/15, 9/8 గుణిస్తే 4/3, అంటే మధ్యమం వస్తుంది. దాన్ని 9/8తో గుణిస్తే 3/2, అంటే పంచమం. అయినా అతికినంత మాత్రాన ఆయన ఆ అంకెలే అనుకున్నాడని చెప్పడానికి లేదు.

భరతుడు చెప్పిన మరొక మాట మనకు మరింత ముఖ్యం. రెండు స్వరాల మధ్య 9 గాని 13 గాని శ్రుతులుంటే అవి పరస్పరం సంవాదులు. షడ్జ మధ్యమాల మధ్య 9, షడ్జ పంచమాల మధ్య 13. రిషభ ధైవతాల మధ్య కూడా 13. కాని రిషభం నుంచి పంచమానికి లెక్కపెట్టండి: 2, 4, 4 కలిపి 10. అంటే షడ్జగ్రామంలో రిషభ పంచమాలకు పొత్తు కుదరదు. పంచమాన్ని ఒక శ్రుతి తగ్గిస్తే అవి 9 శ్రుతులకు వచ్చి కలుస్తాయి. అలా తగ్గించినదే మధ్యమగ్రామం. రెండు వీణలను సమానంగా శ్రుతి చేసి, ఒకదానిని కదపకుండా ఉంచి, రెండోదాన్ని క్రమంగా దించుతూ చెవితో ఈ తేడాలను పట్టుకొమ్మని నాట్యశాస్త్రం చెబుతుంది. ఇది ఎవరైనా చేసి చూడగల ప్రయోగం. మన శాస్త్రగ్రంథాల్లో ఇంత స్పష్టమైన ప్రయోగ వివరణ తరచుగా కనబడదు. ఈ రిషభ పంచమాల తగాదాను గుర్తుంచుకోండి, కార్డుల దగ్గర మళ్లీ వస్తుంది.

దక్కనులో గ్రామం పోయి మేళం రావడం

13వ శతాబ్దిలో దేవగిరి యాదవరాజు సింఘణుని (1210–1247) ఆశ్రయంలో శార్ఙ్గదేవుడు సంగీతరత్నాకరం రాశాడు. గ్రామ మూర్ఛనల పద్ధతిని సమగ్రంగా చెప్పిన గొప్ప గ్రంథం అది. దానికి సంగీతసుధాకరం అనే వ్యాఖ్య రాసిన సింహభూపాలుడు రాచకొండను ఏలిన రేచర్ల పద్మనాయక ప్రభువు. రాచకొండ నేటి యాదాద్రి భువనగిరి జిల్లాలో ఉంది. అంటే ఈ చర్చ తెలంగాణ గడ్డ మీద 14వ శతాబ్దిలోనే జరిగింది.

తర్వాత పెద్ద మార్పు విజయనగరంలో వచ్చింది. అళియ రామరాయల ఆస్థానంలో ఉన్న రామామాత్యుడు 1550లో స్వరమేళకళానిధి రాశాడు. ఆయన షడ్జాన్ని జరపడు, ఒకచోట నిలిపి ఉంచుతాడు. మిగిలిన స్వరాలను మార్చి 20 మేళాలు చెబుతాడు. ఈ మార్పుకు వీణ మెట్లు ఒక ముఖ్య కారణం. మెట్టు వీణ దండికి అడ్డంగా ఉంటుంది. దాని మీదుగా అన్ని తీగలూ పోతాయి. షడ్జం తీగ మీద రిషభం పలికించే మెట్టే పంచమం తీగ మీద ధైవతం పలికించాలి. ఒక్కో గ్రామానికీ ఒక్కో సన్నని తేడా కావాలంటే మెట్లతో వీలుకాదు. శ్రుతి తీగ ఎడతెగకుండా షడ్జాన్ని మోగిస్తుండగా షడ్జాన్ని జరిపే మాటే ఉండదు. వాయిద్యం నిర్మాణం శాస్త్రాన్ని ఎలా మారుస్తుందో చూడాలంటే దీనికి మించిన ఉదాహరణ నాకు కనబడదు.

రామామాత్యుని మేళాల్లో శ్రీరాగ మేళం ఒకటి. పంచశ్రుతి రిషభం, సాధారణ గాంధారం, శుద్ధ మధ్యమ పంచమాలు, పంచశ్రుతి ధైవతం, కైశికి నిషాదం. పేర్లు కొంచెం వేరు, స్వరాలు మనవే. ఇదే సమయంలో యూరపులో ఏం జరుగుతోందో చూడండి. రామామాత్యునికి మూడేళ్లు ముందు, 1547లో, స్విట్జర్లాండు పండితుడు గ్లారియన్ డోడెకాకోర్డన్ అనే గ్రంథం వెలువరించి, అంతవరకు ఎనిమిదిగా చెప్పుకొనే చర్చి మోడ్లను పన్నెండుకు పెంచాడు. ఆ పన్నెండింటిలో డోరియన్ ఒకటి. ఒకరి సంగతి ఒకరికి తెలియదు. ఇద్దరూ తమ కాలంలో పాడే పాటలకు పాత లెక్కలు చాలడం లేదని గ్రహించినవారే.

17వ శతాబ్ది మధ్యలో తంజావూరు నాయకరాజుల కాలంలో వేంకటమఖి చతుర్దండిప్రకాశికలో మేళాల లెక్కను 72కు తీసుకువెళ్లాడు. అయితే తన కాలంలో వాడుకలో ఉన్నవి 19 మేళాలేనని ఆయనే చెప్పాడు. తక్కినవి లెక్కలో వచ్చినవి. ఆ 72లో 22వది మన స్వరశ్రేణి. మొదటి 18 మేళాలు మూడు చక్రాల్లో పోతాయి. నాలుగోది వేదచక్రం, దానిలో నాలుగో మేళం ఇది. వేంకటమఖి సంప్రదాయంలో దీని పేరు శ్రీరాగ మేళమే. 1904లో ఎట్టయపురంలో తెలుగు లిపిలో అచ్చయిన సుబ్బరామ దీక్షితుల సంగీత సంప్రదాయ ప్రదర్శినిలో కూడా మీకు ఆ పేరే కనిపిస్తుంది.

మరి ఖరహరప్రియ ఎక్కడిది? కనకాంగి మొదలైన రెండో పేర్ల పట్టికలోది. కటపయాది సూత్రం ప్రకారం ఖ అంటే 2, ర అంటే 2. తిరగేసినా 22. మేళసంఖ్య తెలిసేలా కట్టిన పేరు అది. ఆ పేరుతో ఒక రాగాన్ని నిజంగా నిలబెట్టినవాడు త్యాగరాజు (1767–1847). ఆయనకు ముందు ఈ రాగంలో ప్రసిద్ధమైన రచనలు కనబడవు. అందుచేత "ఖరహరప్రియ రెండు వేల ఏళ్ల రాగం" అని ఎవరైనా రాస్తే దాన్ని రెండుగా విడదీయాలి. స్వరాల మధ్య దూరాల వరస చాలా పాతదని చెప్పడానికి ఆధారం ఉంది. రాగంగా మాత్రం దాని వయసు సుమారు రెండు వందల ఏళ్లు.

ఉత్తరాదిలో

17వ శతాబ్దికే చెందిన అహోబలుని సంగీతపారిజాతం స్వరాలను తీగ పొడవుతో చూపుతుంది. మీరూ ఒక తీగ మీద కొలవవచ్చు. తీగ సరిగ్గా సగంలో పై షడ్జం, ఆ మొదటి సగం మధ్యలో మధ్యమం, షడ్జ పంచమాల నడుమ గాంధారం. తీగ పొడవు 36 అంగుళాలైతే పంచమం 24 దగ్గర, గాంధారం 30 దగ్గర పలుకుతాయి. 36/30 అంటే 6/5. ఆయన శుద్ధ స్వరశ్రేణి నేటి కాఫీకి సరిపోతుందని పండితులు చెబుతారు. తరవాతి కాలంలో ఉత్తరాదివారు బిలావల్‌ను, అంటే మన శంకరాభరణాన్ని, శుద్ధ స్వరశ్రేణిగా తీసుకున్నారు. దక్షిణాదిలో శుద్ధ స్వరాలన్నీ ఉన్నది మొదటి మేళం కనకాంగి. ఒకప్పుడు రెండింటికీ సమానమైన మూలం పక్కకు జరిగిపోయింది.

విష్ణునారాయణ భాత్‌ఖండే 1904లో దక్షిణాదిలో పర్యటించి, సుబ్బరామ దీక్షితులను కలిసి, వేంకటమఖి గ్రంథాన్ని తెలుసుకొని, తర్వాత ఉత్తరాది రాగాలను పది థాట్లుగా వర్గీకరించాడు. వాటిలో కాఫీ ఒకటి. అంటే కాఫీ థాట్, 22వ మేళం అనే రెండు వర్గాల వెనుక ఉన్న ఆలోచన కూడా ఒకదాని నుంచి ఒకటి నేర్చుకున్నదే. అనంతగిరి కొండల్లో పుట్టిన మూసీ తూర్పుకు పోతుంది, తాండూరు పక్కన పారే కాగ్నా పడమటికి పోయి భీమలో కలుస్తుంది. చివరికి రెండు నీళ్లూ కృష్ణలోకే చేరతాయి. పోలిక ఇంతవరకే పనికివస్తుంది, ఎందుకంటే రాగాలు నదుల్లా కలిసిపోవు. ఖరహరప్రియలో గాంధారం రిషభం మీంచి ఊగుతూ పలుకుతుంది. నిషాదమూ అంతే. కాఫీ రాగంలో గాంధారం అంతగా ఊగదు, ఠుమ్రీల్లో అంతర గాంధారాన్ని కూడా తాకి వస్తారు. కర్ణాటక సంగీతంలో 22వ మేళం కిందనే ఉన్న కాపి రాగం ఈ రెండింటికీ వేరు. స్వరాలు అచ్చులైతే రాగం ఉచ్చారణ అనుకోండి.

కార్డులు

మన సంగీతం ఒక్కొక్క స్వరాన్ని వరసగా పలికిస్తుంది. పాశ్చాత్యులు మూడు నాలుగు స్వరాలను ఒకేసారి మోగిస్తారు, దానిని కార్డు అంటారు. మధ్యలో ఒక్కొక్క స్వరాన్ని వదిలి మూడు తీసుకుంటే సాధారణమైన కార్డు వస్తుంది. మొదటి రెండింటి మధ్య మూడు మెట్లు, తర్వాతి రెండింటి మధ్య నాలుగు మెట్లుంటే మైనర్. నాలుగు, మూడు అయితే మేజర్. రెండూ మూడే అయితే డిమినిష్డ్.

మన స్వరశ్రేణిలో స-గ-ప మైనర్, రి-మ-ద మైనర్, గ-ప-ని మేజర్, మ-ద-స మేజర్, ప-ని-రి మైనర్, ద-స-గ డిమినిష్డ్, ని-రి-మ మేజర్. వీటిలో డోరియన్‌ను పట్టి ఇచ్చేది మ-ద-స. షడ్జం మీద మైనర్ ఉండగా మధ్యమం మీద మేజర్ రావడం దీని గుర్తు. చతుశ్రుతి ధైవతాన్ని తీసి శుద్ధ ధైవతం పెట్టండి. స్వరశ్రేణి నటభైరవి అవుతుంది, మధ్యమం కార్డు మైనర్‌గా మారి వెంటనే దిగులు కమ్ముతుంది. 1959లో వచ్చిన మైల్స్ డేవిస్ జాజ్ రికార్డు కైండ్ ఆఫ్ బ్లూలో సో వాట్ అనే రచన డోరియన్‌లోనే సాగుతుంది. అందులో కార్డులు గబగబా మారవు. ఒకే స్వరశ్రేణి మీద చాలాసేపు నిలుస్తారు. మన ఆలాపనకు అలవాటుపడ్డ చెవికి అది పరాయిగా అనిపించదు.

ఇప్పుడు భరతుని లెక్కకు మళ్లీ రండి. షడ్జగ్రామాన్ని 10/9, 16/15, 9/8 నిష్పత్తులతో శ్రుతి చేశామనుకుందాం. మ-ద-స స్వచ్ఛమైన 4:5:6 నిష్పత్తిలో మోగుతుంది. ని-రి-మ కూడా అంతే. ప-ని-రి మాత్రం చెడుతుంది. పంచమానికి పై రిషభానికి మధ్య 3/2 ఉండవలసింది 40/27 వస్తుంది. చెవికి గరుకుగా తగులుతుంది. రిషభ పంచమాలు సంవాదులు కావని భరతుడు అన్నది దీనినే. కార్డులే తెలియని సంగీతంలో పుట్టిన లెక్క, ఏ కార్డు చెడుతుందో సరిగ్గా చూపించింది.

హార్మోనియం దగ్గర తగాదా

ఆ చెడును పోగొట్టడానికి యూరపువారు స్థాయిని పన్నెండు సమాన భాగాలు చేశారు. ఒక్కొక్క భాగాన్ని 100 సెంట్లుగా లెక్కిస్తారు. అప్పుడు ఏ కార్డూ మరీ చెడదు, ఏదీ పూర్తి స్వచ్ఛంగానూ ఉండదు. ఈ స్వరశ్రేణిలో గాంధారం 32/27 అయితే 294 సెంట్లు, అహోబలుని 6/5 అయితే 316 సెంట్లు. హార్మోనియం మెట్టు 300 దగ్గర ఆగుతుంది. షడ్జగ్రామ రిషభం 182, హార్మోనియం రిషభం 200.

1840ల తొలినాళ్లలో పారిస్‌లో దెబైన్ రూపొందించిన హార్మోనియం, 19వ శతాబ్ది చివరికి కలకత్తాలో చేత్తో తిత్తి ఊదే పెట్టెగా మారి దేశమంతా పాకింది. భజన మందిరాలు, నాటక సమాజాలు, ఖవ్వాలీ బృందాలు, చర్చిలు అన్నీ దాన్ని స్వీకరించాయి. మెథడిస్టు మిషన్ పనిచేసిన వికారాబాద్‌లోనూ అది కొత్త కాదు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో కీర్తనల మీద రాగం, తాళం అచ్చువేసి ఉంటాయని మీరు గమనించి ఉండవచ్చు. ఆ రాగానికి పక్కవాద్యం మాత్రం సమాన విభజన చేసిన పెట్టె. రవీంద్రనాథ్ ఠాగూర్ వంటివారు దాన్ని గట్టిగా వ్యతిరేకించారు. 1940 మార్చిలో ఆల్ ఇండియా రేడియో హార్మోనియాన్ని నిషేధించింది. 1971లో గాని ఆ నిషేధం సడలలేదు.

మూడు దశాబ్దాల పాటు ఒక వాయిద్యకారుల వర్గానికి రేడియో తలుపులు మూసిన ఈ నిర్ణయానికి చెప్పిన కారణాల్లో మెట్లు స్థిరంగా ఉండటం ఒకటి. మెట్లుండటమే దోషమైతే వీణకూ మెట్లున్నాయి కదా! తేడా మెట్లలో లేదు. వీణ మీద రిషభం మెట్టు దగ్గర తీగను లాగి గాంధారాన్ని ఊపవచ్చు. హార్మోనియం రీడు అలా లొంగదు. పది ఇరవై సెంట్ల తేడాను చాలామంది శ్రోతలు సహిస్తారు. ఖరహరప్రియ గాంధారం ఊగకపోతే మాత్రం రాగమే కనబడదు. కాబట్టి నా దృష్టిలో శ్రుతుల లెక్క కంటే గమకం గురించిన ఆక్షేపణే బలమైనది. అది కూడా నిషేధానికి చాలేది కాదు.

అనుభవం ఉన్న హార్మోనిస్టు ఈ చిక్కును తన పద్ధతిలో దాటుతాడు. గాయకుడు గాంధారం మీద ఊగుతున్నప్పుడు ఆ మెట్టు నొక్కి పట్టడు. రిషభాన్ని, మధ్యమాన్ని తేలికగా తాకుతూ నడుమ స్థలాన్ని గొంతుకు వదిలేస్తాడు. కాఫీ భజన అయితే అదే మెట్టును ధైర్యంగా పట్టి ఉంచుతాడు. తాండూరు వైపు మీకు భజన వినే అవకాశం ఉంటే పెట్టె మీద ఆ ఒక్క వేలును గమనించండి. పాడుతున్నది ఏ పేరుగల రాగమో అడగకుండానే చాలావరకు తెలుస్తుంది.